కిడ్నీ చేయలేని పని సూదిమందు చేస్తోంది

ఉద్దానం రోగులకు రక్తం పట్టించే 'ఈపీవో' వెనుక ఎనభై ఏళ్ల శ్రమ

పలాస: మూత్రపిండాల జబ్బు ముదిరి డయాలసిస్ చేయించుకునేవారిలో చాలామందికి దాంతోపాటు ఒక చిన్న సూదిమందు కూడా ఇస్తుంటారు. కొందరు దాన్ని 'రక్తం ఇంజక్షన్' అంటారు. మరికొందరు 'బలం సూది' అంటారు. నిజానికి అందులో రక్తం లేదు. అది బలానికి వాడే టానిక్కూ కాదు. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు తమంతట తాము తయారుచేసే ఒక మాంసకృత్తు అది. దాని పేరు ఎరిత్రోపొయెటిన్. నోరు తిరగని పేరు కాబట్టి ఆస్పత్రుల్లో 'ఈపీవో' అని పొట్టిగా పిలుస్తారు.

ఇంకో విశేషమేమంటే ఈ మందును మనిషి నుంచి తీయరు. మనిషిలోని జన్యువును ఒక చిట్టెలుక జాతి జంతువు కణాల్లో చేర్చి, ఆ కణాల చేత తయారు చేయిస్తారు. ఇది ఒక్క రోజులో సాధ్యం కాలేదు. 1906లో మొదలైన వెతుకులాట 1989లో మందుగా రోగి దగ్గరకు చేరింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బు తెలియని ఊరు అరుదు. ఆ సూది ఎక్కడిదో, ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకోవడం ఈ ప్రాంతం వారికి ఎంతో అవసరం.

రక్తం ఎందుకు తగ్గుతుంది?

మూత్రపిండాలు రక్తాన్ని వడబోసి మలినాలను, ఎక్కువైన నీటిని బయటకు పంపుతాయని అందరికీ తెలుసు. అవి చేసే రెండో పని మాత్రం చాలామందికి తెలియదు. ఒంట్లో రక్తం ఎంత తయారు కావాలో నిర్ణయించేది కూడా ప్రధానంగా మూత్రపిండాలే.

రక్తంలోని ఎర్రకణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. ఒక్కో కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. చనిపోయిన వాటి స్థానంలో ఎప్పటికప్పుడు కొత్తవి రావాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో సెకనుకు 20 లక్షల ఎర్రకణాలు పుడుతుంటాయంటే ఆ కార్ఖానా ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. దానికి సెలవులు లేవు.

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీనే ఉదాహరణగా తీసుకుందాం. పిక్కల బస్తాలు గోదాములో ఉన్నాయి. పనివారు గేటు బయట నిలబడి ఉన్నారు. కాని పనిలోకి రమ్మని పిలిచే మేస్త్రి లేడు. అప్పుడు ఒక్క పప్పు కూడా బయటకు రాదు. ఒంట్లో ఆ మేస్త్రి పిలుపే ఈపీవో. రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని మూత్రపిండాలు పసిగట్టగానే ఈపీవోను రక్తంలోకి వదులుతాయి. అది మూలుగకు చేరి 'ఎర్రకణాలు పెంచండి' అని కబురు చెబుతుంది.

మూత్రపిండాలు పాడైతే ఆ పిలుపు సన్నగిల్లిపోతుంది. రక్తం పలచబడుతుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కళ్లు తిరగడం, ముఖం పాలిపోవడం వంటివి మొదలవుతాయి. నిన్నటిదాకా కొబ్బరి చెట్టెక్కిన మనిషి ఇంటి మెట్లెక్కలేకపోతాడు. డయాలసిస్ యంత్రం మలినాలను తీయగలదు గాని మేస్త్రి పని చేయలేదు. అందుకే డయాలసిస్ చేయించుకుంటున్నా చాలామందికి రక్తం పెరగదు.

కుందేళ్లతో మొదలైన కథ

ఇలాంటి పదార్థం ఒకటి ఒంట్లో ఉందని మొదట చెప్పినవారు పారిస్‌కు చెందిన పాల్ కార్నో, క్లోటిల్డ్ డెఫ్లాండ్ర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు. 1906లో వారు ఒక కుందేలు నుంచి రక్తం తీశారు. రక్తం తగ్గిన ఆ కుందేలు సీరాన్ని మరో కుందేలుకు ఎక్కించారు. రెండో కుందేలులో ఎర్రకణాలు పెరిగాయని ప్రకటించారు. కాని ఇతరులు చేసి చూస్తే అదే ఫలితం సరిగా రాలేదు. దాంతో ఆ సంగతి ఏళ్ల తరబడి వివాదంలో పడింది.

1953లో అమెరికాలో అలన్ అర్‌స్లెవ్ అనే వైద్యుడు రక్తం తగ్గించిన కుందేళ్ల నుంచి ప్లాస్మా తీసి, పెద్ద మోతాదులో ఇతర కుందేళ్లకు ఎక్కించి ఈ సంగతి రుజువు చేశాడు. అయితే అది ఏ అవయవంలో పుడుతోంది? ఈ ప్రశ్నకు జవాబు 1957లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. లియోన్ జాకబ్సన్, యూజీన్ గోల్డ్‌వాసర్ మరో ఇద్దరితో కలిసి ఎలుకల్లో ఒక్కో అవయవాన్ని తొలగిస్తూ పరీక్షించారు. మూత్రపిండాలను తొలగించినప్పుడు మాత్రమే ఆ పదార్థం పెరగకుండా పోయింది. పుట్టిల్లు దొరికింది.

ఇక దాన్ని శుద్ధంగా వేరు చేయడమే మిగిలింది. కొన్ని నెలల్లో అయిపోతుందనుకుని గోల్డ్‌వాసర్ 1955లోనే ఈ పనికి పూనుకున్నారు. అది పూర్తి కావడానికి 20 ఏళ్లు దాటింది. కారణం, ఆ పదార్థం రక్తంలో లెక్కకు రానంత తక్కువగా ఉండడమే. ఆయన బృందం కబేళాల నుంచి గొర్రెల రక్తం తెచ్చుకుని, కొన్నేళ్లపాటు వడబోసింది. గొర్రె ఈపీవో కొంచెం దొరికింది. మనిషి ఈపీవో మాత్రం చిక్కలేదు.

2,550 లీటర్ల మూత్రం

దారి జపాన్‌లో కనిపించింది. మూలుగ పూర్తిగా దెబ్బతినే 'అప్లాస్టిక్ ఎనీమియా' అనే జబ్బు ఉంది. ఆ రోగుల్లో మూత్రపిండాలు బాగానే ఉంటాయి. రక్తం తక్కువైందని అవి మూలుగను పిలుస్తూనే ఉంటాయి. పలికే మూలుగ లేదు. అలా వృథా అయిన ఈపీవో మూత్రంలో పోతుంటుంది.

కుమమోటో విశ్వవిద్యాలయానికి చెందిన తకాజీ మియాకే ఈ సంగతి గ్రహించారు. అలాంటి రోగుల మూత్రాన్ని ఓపికగా సేకరించి, గాఢం చేసి, ఎండబెట్టారు. అది మొత్తం 2,550 లీటర్ల మూత్రం. ఒక మనిషి రోజుకు లీటరున్నర పోస్తాడనుకుంటే 1,700 రోజుల మూత్రమన్నమాట. ఎండబెట్టగా మిగిలిన దాన్ని మూట కట్టుకుని ఆయన 1975లో షికాగో వెళ్లి గోల్డ్‌వాసర్‌ను కలిశారు.

దాన్ని ఏడు దశల్లో శుద్ధి చేయగా చివరకు దక్కింది సుమారు 8 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో పదో వంతు కూడా కాదు. ఆ ఫలితాన్ని మియాకే, గోల్డ్‌వాసర్, మరో సహచరుడు 1977లో ప్రకటించారు.

ఇక్కడొక చిన్న లెక్క చూడాలి. వారు శుద్ధి చేసిన ఈపీవో ఒక్కో మిల్లీగ్రాములో 70 వేల యూనిట్ల శక్తి ఉంది. 8 మిల్లీగ్రాములకు 5 లక్షల 60 వేల యూనిట్లు. డయాలసిస్ రోగికి వారానికి 3 సార్లు, ప్రతిసారీ 4,000 యూనిట్ల చొప్పున ఇస్తే ఏడాదికి 6 లక్షల 24 వేల యూనిట్లు కావాలి. అంటే 2,550 లీటర్ల మూత్రం నుంచి వచ్చిన మందు ఒక్క రోగికి ఏడాది కూడా సరిపోదు. ఈ పద్ధతిలో ప్రపంచంలోని రోగులందరికీ మందు ఇవ్వడం కలలోని మాట. మరో దారి చూడక తప్పలేదు.

అంటు కట్టినట్టే

సువర్ణరేఖ మామిడి కావాలంటే రైతు టెంక నాటి ఊరుకోడు. నాటు మొక్క మీద సువర్ణరేఖ కొమ్మను అంటు కడతాడు. వేళ్లు నాటు మొక్కవి, కాయలు సువర్ణరేఖవి. శాస్త్రజ్ఞులు చేసింది కూడా దాదాపు ఇలాంటిదే. తేడా ఏమంటే వారు అంటు కట్టింది కొమ్మను కాదు, జన్యువును.

ప్రతి జీవి కణంలో ఆ జీవి తయారీకి కావలసిన సూచనలన్నీ దారం లాంటి పదార్థంపై రాసి ఉంటాయి. ఒక్కో మాంసకృత్తుకు సంబంధించిన రాత ఒక్కో జన్యువు. మనిషి జన్యువును కత్తిరించి వేరే జీవి కణంలో అతికిస్తే, ఆ కణం దాన్ని చదివి మనిషి మాంసకృత్తునే తయారుచేస్తుంది. ఇలా తయారైన వాటిని 'రీకాంబినెంట్' మాంసకృత్తులు అంటారు. షుగర్ రోగులు వాడే మానవ ఇన్సులిన్ ఈ పద్ధతిలో వచ్చిన మొదటి మందు. దాన్ని బాక్టీరియా చేత తయారు చేయించారు. 1982లో అమెరికాలో దానికి అనుమతి లభించింది.

అయితే ఈపీవో జన్యువు ఎక్కడుందో కనిపెట్టాలి కదా! కాలిఫోర్నియాలో 1980లో ఏర్పడిన ఆమ్‌జెన్ అనే చిన్న సంస్థలో తైవాన్ నుంచి వచ్చిన ఫు కుయెన్ లిన్ ఈ పని తలకెత్తుకున్నారు. గోల్డ్‌వాసర్ ఇచ్చిన ఆ కాస్త శుద్ధ ఈపీవోను ముక్కలు చేసి, అందులోని భాగాల వరుస తెలుసుకున్నారు. ఆ వరుసను బట్టి జన్యువులో ఏ అక్షరాలు ఉండవచ్చో ఊహించారు. ఆ అక్షరాలతో చిన్న చిన్న ముక్కలు తయారుచేసి, మనిషి జన్యువులు నింపిన లక్షల నమూనాల్లో వెతికారు. ఉద్దానం తోటలన్నింట్లో గుర్తు పెట్టిన ఒక్క కొబ్బరికాయను వెతకడం లాంటి పని అది. 1983లో ఆ కాయ దొరికింది.

చిట్టెలుక కణాలే ఎందుకు?

ఇన్సులిన్ మాదిరిగా ఈపీవోను కూడా బాక్టీరియా చేత తయారు చేయిస్తే సరిపోయేది కదా అనిపించవచ్చు. అక్కడే చిక్కు వచ్చింది. ఈపీవోలో 165 అమైనో ఆమ్లాలు గొలుసులా ఉంటాయి. ఆ గొలుసుకు 4 చోట్ల చక్కెర కొమ్మలు అతికి ఉంటాయి. మొత్తం బరువులో సుమారు 40 శాతం ఈ చక్కెరలదే. అవి లేని ఈపీవో ఒంట్లోకి వెళ్తే కొద్దిసేపట్లోనే రక్తం నుంచి తొలగిపోతుంది. పని జరగదు. మామూలు బాక్టీరియాకు ఈ చక్కెర కొమ్మలు అతికించడం చేతకాదు. జంతువుల కణాలకే ఆ విద్య తెలుసు.

చైనా ప్రాంతపు హామ్‌స్టర్ అనే చిట్టెలుక జాతి జంతువు ఒకటుంది. 1957లో అమెరికాలోని డెన్వర్‌లో థియోడర్ పక్ అనే శాస్త్రజ్ఞుడు దాని అండాశయం నుంచి తీసిన కణాలను గాజు పాత్రల్లో పెంచారు. ఆ కణాల సంతతి నేటికీ ప్రపంచమంతటా పెరుగుతూనే ఉంది. లిన్ బృందం ఈపీవో జన్యువును ఈ కణాల్లో చేర్చింది. కణాలను పోషక ద్రవం నింపిన సీసాల్లో పెంచుతారు. అవి తయారుచేసిన ఈపీవోను ఆ ద్రవంలోకే వదులుతాయి. కణాలను వేరుచేసి, ద్రవాన్ని పలు దశల్లో వడబోస్తే శుద్ధమైన ఈపీవో మిగులుతుంది. కొత్త మందు కావలసినప్పుడల్లా జంతువును చంపవలసిన పని లేదు. మూత్రం సేకరించవలసిన పని అంతకన్నా లేదు.

రక్తం ఎక్కించడం తప్పింది

ఇలా తయారైన మందును మొదట అమెరికాలోని సియాటిల్‌లో డయాలసిస్ రోగులకు ఇచ్చి పరీక్షించారు. జోసెఫ్ ఎష్‌బాక్, జాన్ ఆడమ్‌సన్ తదితర వైద్యులు 25 మందిపై జరిపిన ఆ పరీక్షల ఫలితాలను 1987 జనవరిలో ప్రకటించారు. తగిన మోతాదు అందిన 18 మందిలో, అంతవరకు రక్తం ఎక్కించుకుంటూ వచ్చిన 12 మందికి ఇక ఆ అవసరం లేకపోయింది. 1989 జూన్‌లో అమెరికా ప్రభుత్వం ఈ మందు వాడకానికి అనుమతి ఇచ్చింది.

దీనికి ముందు డయాలసిస్ రోగుల పరిస్థితి దయనీయంగా ఉండేది. రక్తం తగ్గినప్పుడల్లా సీసాలకొద్దీ ఎక్కించేవారు. దాత దొరకాలి. గ్రూపు కలవాలి. పదేపదే ఎక్కించడంతో ఒంట్లో ఇనుము పేరుకుపోయేది. కామెర్ల జబ్బు అంటుకునే ప్రమాదమూ ఉండేది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ఇతరుల రక్తం పదేపదే ఎక్కితే, తర్వాత ఎవరైనా కిడ్నీ దానం చేసినా ఒళ్లు దాన్ని తిప్పికొట్టే అవకాశం పెరుగుతుంది. సూదిమందు వచ్చాక ఈ బాధలు చాలావరకు తగ్గాయి.

హైదరాబాద్‌లోనూ ఈ విద్య

ఈ విద్య తెలుగువారికి కొత్త కాదు. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో హెపటైటిస్ బి టీకాను విడుదల చేసింది. మన దేశంలో జన్యు అంటు పద్ధతిలో తయారైన మొదటి ఉత్పత్తి అదే. దాన్ని ఈస్ట్ కణాల్లో తయారు చేశారు. డయాలసిస్ రోగులకు సాధారణంగా వేయించే టీకాల్లో హెపటైటిస్ బి టీకా ముఖ్యమైనది. ఆ సంస్థ తర్వాత ఈపీవోను కూడా తయారుచేసింది.

ఈపీవోకు మరికొన్ని చక్కెర కొమ్మలు అదనంగా చేర్చి, ఒంట్లో ఎక్కువ రోజులు ఉండేలా మార్చిన మందు డార్బెపొయెటిన్. దీన్ని వారానికి ఒకసారో, రెండు వారాలకు ఒకసారో వేస్తే చాలు. 2010లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ దీన్ని మన దేశంలో విడుదల చేసింది. ఈ మధ్య మాత్రలు కూడా వచ్చాయి. ఒంట్లోనే ఈపీవో పెరిగేలా చేసే డెసిడుస్టాట్ అనే మాత్రకు 2022లో మన దేశంలో అనుమతి లభించింది. ప్రాణవాయువు తగ్గిన సంగతి కణాలు ఎలా పసిగడతాయో కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ పరిశోధనే ఈ మాత్రలకు మూలం. వారిలో ఒకరైన గ్రెగ్ సెమెంజా ఈపీవో జన్యువును పరిశీలిస్తూనే ఆ సంగతి కనిపెట్టారు.

విత్తన ధాన్యం, తిండి ధాన్యం

ఈపీవో ఆస్పత్రుల్లోనే కాదు, పరిశోధనశాలల్లోనూ ఉంటుంది. అక్కడ వాడే ఈపీవో సీసాలో తెల్లటి పొడి రూపంలో వస్తుంది. పరిమాణం మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము. దాని మీద 'పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు' అన్న అర్థం వచ్చే హెచ్చరిక ఉంటుంది.

అదీ మనిషి జన్యువుతో తయారైన ఈపీవోయే. మరి మనుషులకు ఎందుకు వాడరాదు? రైతుకు ఇది సులువుగా అర్థమవుతుంది. కొట్లో అమ్మే విత్తన ధాన్యం, ఇంట్లో తినే ధాన్యం రెండూ వరే. కాని మందు పట్టించిన విత్తనాన్ని ఎవరూ దంచి వండుకోరు. దాన్ని మొలకెత్తుతుందా లేదా అని పరీక్షిస్తారు గాని తినడానికి పనికివస్తుందా అని పరీక్షించరు. పరిశోధనశాల సీసా కూడా అంతే. గాజు పళ్లెంలోని కణాల మీద పనిచేస్తుందా లేదా అన్నదే దానికి పరీక్ష. మనిషి రక్తంలోకి వెళ్లే మందుకు అవసరమైన పరీక్షలు వేరు. సూక్ష్మజీవులు అసలు ఉండరాదు. బాక్టీరియా విషపు జాడలు నిర్ణీత హద్దు దాటరాదు. ప్రతి బ్యాచీ ఒకే శక్తితో ఉండాలి. దానికి ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆ సీసాకు ఇవేవీ వర్తించవు.

అలాగని అది తక్కువదని కాదు. మూలుగ నుంచి తీసిన మూలకణాలకు గాజు పళ్లెంలో ఈపీవో అందిస్తే అవి ఎర్రకణాలుగా మారడం కళ్లారా చూడవచ్చు. ఏ లోపం వల్ల రక్తం పట్టడం లేదో అలా తెలుసుకుంటారు. ఒక రోగి రక్తంలో ఈపీవో ఎంత ఉందో కొలవాలన్నా కొలబద్ద కావాలి. సంతలో తూకపు రాయి ఎలాంటిదో పరీక్షలో ఆ సీసా అలాంటిది. రాయి సరిగా లేకపోతే తూకమంతా తప్పే. ఆస్పత్రిలో రోగికి వేసే ప్రతి సూది వెనుక ఇలాంటి సీసాలతో జరిగిన ఏళ్ల తరబడి పరీక్షలు ఉన్నాయి.

మితిమీరితే ముప్పే

మంచి మందే కదా, ఎక్కువ వేస్తే ఎక్కువ బలం వస్తుందనుకోవడం ప్రమాదం. రక్తం అవసరానికి మించి చిక్కబడితే గడ్డలు కడుతుంది. రక్తపోటు పెరుగుతుంది. పక్షవాతం రావచ్చు. కిడ్నీ రోగుల్లో హిమోగ్లోబిన్‌ను ఆరోగ్యవంతుల స్థాయికి పెంచితే మేలు జరగకపోగా కీడు పెరిగిందని 2006లో వెలువడిన అధ్యయనం తేల్చింది. 2009లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో పక్షవాతం ముప్పు పెరిగినట్టు తేలింది. 2007లో అమెరికా ప్రభుత్వం మందు పెట్టెపై గట్టి హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. అందుకే డయాలసిస్ రోగులకు వైద్యులు సాధారణంగా హిమోగ్లోబిన్ 10 నుంచి 11.5 గ్రాముల మధ్య ఉండేలా చూస్తారు.

ఒంట్లో బలానికని దొంగచాటుగా దీన్ని వాడిన క్రీడాకారులూ ఉన్నారు. 1998లో ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ పందెంలో ఈ గుట్టు రట్టయి పెద్ద దుమారం లేచింది. 2000 నుంచి క్రీడాకారుల మూత్రంలో దీన్ని పట్టుకునే పరీక్ష వచ్చింది. మూత్రంలో దొరికిన మందు చివరకు మూత్రంలోనే దొంగలను పట్టించడం విశేషం.

ఇనుము లేనిదే సూది పనిచేయదు

ఈపీవో వేయించుకుంటున్నా రక్తం పెరగడం లేదని వాపోయేవారు ఉంటారు. దీనికి ముఖ్య కారణం ఒంట్లో ఇనుము లోపించడం. మేస్త్రి పిలిచాడు, పనివారు వచ్చారు. కాని గోదాములో పిక్కలు లేకపోతే పప్పు ఎలా వస్తుంది? ఎర్రకణం తయారీకి ఇనుము ముడిసరుకు. అందుకే వైద్యులు ఇనుము పరీక్ష చేయించి, తక్కువైతే దాన్ని కూడా ఎక్కిస్తారు. ఒంట్లో చీము, ఇన్‌ఫెక్షన్ ఉన్నా మందు సరిగా పట్టదు. సూది పడిన మర్నాడే రక్తం పెరగదు. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆత్రపడి మోతాదు పెంచమని ఒత్తిడి చేయరాదు. బీపీ మాత్రలు మానరాదు.

మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డ కట్టనీయరాదు. గట్టిగా కుదపరాదు. ఎండలో జేబులో పెట్టుకుని తెస్తే అది మందుగా మిగలదు. చూడటానికి మాత్రం సీసాలో నీళ్లలాగే ఉంటుంది. కాబట్టి పాడైందో లేదో కంటికి తెలియదు. ఇంటికి తెచ్చుకునేవారు మంచు ప్యాకెట్లున్న డబ్బాలో పెట్టుకుని, నేరుగా ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఉద్దానానికి కావలసింది

ఈ సూది రక్తహీనతకే గాని కిడ్నీ జబ్బుకు మందు కాదు. పాడైన మూత్రపిండాన్ని ఇది బాగుచేయదు. ఉద్దానంలో ఇంతమందికి ఈ జబ్బు ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు అందరూ అంగీకరించే జవాబు ఇంకా దొరకలేదు. నీరు, ఎండ, పురుగుమందులు, వంశపారంపర్యం వంటి పలు కోణాల్లో పరిశోధనలు జరిగాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రితోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభం కావడం ఈ దిశలో ఒక అడుగు.

జవాబు దొరికేలోగా ఉన్నవారిని కాపాడుకోవాలి. డయాలసిస్ కేంద్రాల్లో ఈపీవో, ఇనుము సూదులు ఎప్పుడూ నిల్వ ఉండాలి. హిమోగ్లోబిన్, ఇనుము పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. సముద్ర తీరాన ఉన్న ఈ ప్రాంతానికి తుఫానులు కొత్త కావు. మందులు నిల్వ చేసే ప్రతి కేంద్రంలో కరెంటు పోయినా ఫ్రిజ్ పనిచేసే ఏర్పాటు ఉండి తీరాలి. ఈ జబ్బున్న ఊళ్లలో రోగుల ఇళ్లకు వెళ్లే ఆరోగ్య కార్యకర్తలు సూదిని చల్లగా ఉంచవలసిన సంగతి, బీపీ చూపించుకోవలసిన సంగతి వారికి విడమరిచి చెప్పాలి.

ఒకప్పుడు 2,550 లీటర్ల నుంచి ఒక్క రోగికి ఏడాదికి చాలని మందు వచ్చింది. నేడు అదే మందు మందుల దుకాణాల్లో దొరుకుతోంది. ఇంత శ్రమపడి శాస్త్రం తెచ్చి ఇచ్చినది చివరి పది కిలోమీటర్ల దారిలో ఎండకు పాడుకాకుండా రోగికి అందేలా చూడవలసిన బాధ్యత ఆరోగ్య శాఖ అధికారులదే.